గడప ముందు స్తంభం

మంగళవారం పొద్దున జనార్ధన్ ఇంటి మెట్ల దగ్గర ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది. ఆ చప్పుడు వినే అలవాటు అతనికి తప్పిపోయి పదకొండేళ్లయింది. రెండుసార్లు గెలిచి ఎమ్మెల్యేగా ఉన్న రోజుల్లో, మేడ్చల్‌లోని ఆ ఇంటి మెట్ల మీద ఆరు కొట్టేసరికి యాభై జతల చెప్పులుండేవి. ఇంట్లోవాళ్లు పాల ప్యాకెట్లు తెచ్చుకోవాలన్నా వాటి మీంచి దాటుకుంటూ పోవాల్సి వచ్చేది. మూడోసారి ఓడిపోయాక ఆ చెప్పులు రెండు నెలల్లో పలచబడి, ఆరో నెలకల్లా పూర్తిగా ఆగిపోయాయి. ఇప్పుడు వచ్చేది పేపరువాడు, పాలవాడు, వినాయక చవితికి చందాలవాళ్లు. వాళ్లెవరూ చెప్పులు విడవరు.

జనార్ధన్ పేపరు మడిచి, భుజం తడుముకున్నాడు. ఎవరో వచ్చినట్టున్నారని, తన కండువా ఎక్కడుందని భార్యను కేకేశాడు. కండువా ఇస్త్రీకి పోయిందని, ఉన్నవాడు ఉన్నట్టే పొమ్మని జయమ్మ వంటింట్లోంచే చెప్పింది.

వచ్చినామెకు డెబ్బై దాటి ఉంటాయి. పేరు సాలమ్మ, ఊరు శామీర్‌పేట దారిలోని ఎల్లగూడ. రెండు ఆటోలు మారి వచ్చింది. కుర్చీ చూపిస్తే వద్దని మెట్టు మీదే కూర్చుని, చేతిలోని ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీసింది. ఎనిమిది మడతలు పడిన కాగితం. విప్పుతుంటే మడతల దగ్గర బట్టలాగా మెత్తగా ఉంది. జనార్ధన్ కళ్లజోడు సవరించుకుని చూశాడు. పైన తన పేరు, తన హోదా అచ్చులో ఉన్నాయి. కింద 'తగు చర్య నిమిత్తం' అన్న మాట పోల్చుకోగలిగాడు. దాని కింద ఆకుపచ్చ సిరాతో పెట్టిన సంతకం మాత్రం కడిగిన పళ్లెంలో మిగిలిన పాలకూర రసంలా ఉంది.

"సంతకం చెరిగిపోయింది పటేలా," అంది సాలమ్మ. "కరెంటాఫీసోళ్లు కండ్లకు ఆనుతలేదంటున్నరు. మల్లొక్కసారి పెట్టియ్యి."

జనార్ధన్‌కు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. తను ఇప్పుడు ఎమ్మెల్యే కాదని, మాజీనని, మాజీ సంతకానికి ఏ ఆఫీసులోనూ విలువ ఉండదని నెమ్మదిగా చెప్పాడు. ఆమె అంతా విని, కాగితాన్ని అతని మోకాలి మీద ఇంకాస్త సాపు చేసింది.

"మనిషి మాజీ అయితడు గని సంతకం మాజీ అయితదా?"

వంటింట్లో జయమ్మ గిన్నె కింద పడేసినంత గట్టిగా నవ్వింది.

సాలమ్మ గోడు ఇదీ. ఆమె ఇంటి గడప ముందర, మూరెడు దూరంలో, కరెంటు స్తంభం ఉంది. పదహారేళ్ల కింద పాతారు. జరపమని అప్పుడే అర్జీ పెడితే జనార్ధన్ ఈ కాగితం రాసిచ్చాడు. కాగితం ఆఫీసుకు పోయింది, ముద్ర పడింది, ఆమె నకలు ఆమె దగ్గర ఉండిపోయింది, స్తంభం స్తంభంలాగే ఉండిపోయింది. ఇన్నేళ్లూ ఎట్లాగో పక్కకు తిరిగి ఇంట్లోకి పోతూ బతికారు. ఇప్పుడు మనవరాలు బిందుకు ఎంబ్రాయిడరీ మిషను వచ్చింది. అది పక్కకు తిరగదు. మూడు రోజుల నుంచి గల్లీలో తాటిపత్రి పట్టా కింద ఉంది. మబ్బులేమో రోజూ కమ్ముకొస్తున్నాయి.

జనార్ధన్ ఉత్సాహంగా ఫోను తీశాడు. అందులో రెండు వేల నంబర్లున్నాయి. మొదటి ఇద్దరు అధికారులు రిటైరై ఒకరు కాశీలో, ఒకరు కూతురి ఇంట్లో ఉన్నారు. మూడో నంబరు ఎత్తినవాడు ఏ జనార్ధన్ అని అడిగాడు. మాజీ ఎమ్మెల్యే అని చెబితే, ఎక్కడి ఎమ్మెల్యే అని అడిగి, సారు మీటింగులో ఉన్నారని పెట్టేశాడు. ఆ మీటింగు ఎలాంటిదో జనార్ధన్‌కు బాగా తెలుసు. తనూ లుంగీ కట్టుకుని ఇదే కుర్చీలో కూర్చుని, మీటింగులో ఉన్నానని వేలసార్లు చెప్పించాడు.

ఫోను జేబులో వేసుకుని కారు తాళాలు అందుకున్నాడు. "పా సాలమ్మా, సూసొద్దాం" అన్నాడు. పెరుగన్నం తినకుండా కదలనిచ్చేది లేదని జయమ్మ ఇద్దరికీ గిన్నెలు తెచ్చిపెట్టింది.

ఎల్లగూడ చుట్టూ విల్లాలు, అపార్ట్‌మెంట్లు లేచాయి గానీ ఊరి మధ్య పాత గల్లీలు అలాగే ఉన్నాయి. గోడకు గోడ ఆనుకున్న రేకుల ఇళ్లు. సాలమ్మ ఇల్లు గల్లీలో మూడోది. జనార్ధన్ స్తంభం దగ్గరికి నడిచాడు. అది గడప దిగితే నుదురు తగిలేంత దగ్గరగా, ఇంటికి ముక్కులాగా నిలబడి ఉంది. ఒక పక్క బట్టలు ఆరేసుకునే తాడు కట్టుకున్నారు. ఇంకో పక్క పోస్టర్లు. ట్యూషన్ల పోస్టరు చిరిగిన చోట పాత ఎన్నికల పోస్టరు, దాని చిరుగులోంచి ఇంకా పాతది. అన్నిటికంటే అడుగున, నల్లటి జుట్టుతో, రెండు చేతులూ జోడించి జనార్ధనే ఉన్నాడు.

మిషను గోడవారగా చెక్కల మీద ఉంది. పక్కన స్టూలేసుకుని కూర్చున్న బిందు లేచి నిలబడింది. ఇరవై రెండేళ్ల పిల్ల. అల్వాల్‌లో ఒక షాపులో మూడేళ్లు పని నేర్చుకుని, సొంతంగా మొదలుపెట్టాలని ఈ మిషను తెచ్చుకుంది. తాటిపత్రి ఎత్తి చూపించింది. ఐదడుగుల పొడుగు, మూడు క్వింటాళ్ల బరువు. వరసగా సూదులు, పైన దారపు కండెల కోసం ఇనుప పుల్లలు. దీన్ని ఒరగేయకూడదట, లోపలి బోర్డుకు చుక్క నీళ్లు తగిలినా మిషను చేసినవాళ్లకు సంబంధం లేదట. వెనక గోడ పగలగొడదామంటే అది పక్కింటివాళ్లదీ, వీళ్లదీ కలిసిన గోడ. రేకులు విప్పి పైనుంచి దించుదామంటే అవే కరెంటు తీగలు అడ్డం. శ్రావణమాసం పెళ్లిళ్లకు పదకొండు జాకెట్లు ఒప్పుకుని ఉంది. గల్లీ ఆడవాళ్లు వంతులేసుకుని మిషనుకు కాపలా కాస్తున్నారు. పొద్దంతా ముచ్చట్లు సాగడంతో వాళ్లకిది బాగానే ఉన్నట్టుంది.

వాళ్లంతా తలో సంగతీ చెప్పారు. సాలమ్మ కోడలికి రెండో కాన్పు నెలలు నిండుతుంటే, ఇంట్లోకి పోవడానికి పట్టక రెండు నెలలు ముందే పుట్టింటికి పంపారట. బీరువాను రెండు ముక్కలుగా కోయించి, లోపలికి తీసుకుపోయి మళ్లీ అతికించారట. చెబుతూ నవ్వారు. వింటూ జనార్ధన్ కూడా నవ్వాడు. సాలమ్మ చాయ్ గ్లాసు అతని చేతికిచ్చింది.

"దీన్ని గీడ పాతిచ్చినోని చెయ్యి ఇరుగ అని, రోజు పొద్దుగాల వాకిలి ఊడ్సుకుంట తిట్టుకుంట పటేలా," అంది. "పదహారేండ్ల సంది ఒక్కనాడు తప్పలే."

జనార్ధన్ తన చేతి వైపు చూసుకున్నాడు. ఏడేళ్ల కింద బాత్రూములో జారిపడి అతని కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది.

ఏదో లీలగా మెదిలి, గ్లాసు కింద పెట్టి గల్లీ మొదటికి నడిచాడు. మూలమీద, ఒకప్పుడు ఖాళీ ప్లాటు ఉన్న చోట, నాలుగంతస్తుల కొత్త బిల్డింగు ఉంది. కింద షాపులు, ఇంకా తీయని సున్నపు మరకలు. అది రాఘవేందర్‌ది. ఎన్నికలప్పుడు తన వెంట మోటారు సైకిళ్లు నడిపించిన రాఘవేందర్, ఇప్పుడు ఈ చుట్టుపక్కల ప్లాట్ల వ్యాపారంలో పెద్ద పేరు. వచ్చే వారం బుధవారం ఆ బిల్డింగు ప్రారంభోత్సవం. ముఖ్య అతిథి జనార్ధన్. పదకొండేళ్లలో అతని పేరు అచ్చులో పడిన మొదటి కార్డు అది.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఎల్లగూడలో వీధి లైట్ల ప్రారంభం రోజు. తను ఏదో పెళ్లికి పోతూ కారులో ఉన్నాడు. స్తంభం ప్లాటు మూలకు పడుతోందని, గేటు పెట్టుకునే జాగా పోతుందని రాఘవేందర్ ఫోను చేశాడు. జర అటు జరపమను, సాయంత్రం ఆరింటికల్లా లైటు వెలగాలె, అని తను అన్నాడు. అంతే మాట. ఆ 'అటు' ఏమిటో, అక్కడ ఏముందో అడగలేదు. ఆరింటికి వచ్చి బటన్ నొక్కాడు, చప్పట్లు కొట్టారు, దండ వేశారు. ఆ చప్పట్ల వెనక, ఈ గడపలో ఎవరైనా నిలబడి ఉన్నారా అని ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

సాలమ్మతో ఆ మాట చెప్పాలనుకున్నాడు. వెనక్కి వచ్చేసరికి ఆమె మిషను మీద తాటిపత్రి అంచులకు రాళ్లు పెడుతోంది. రేపు ఆఫీసుకు పోదామని మాత్రం చెప్పి కారెక్కాడు.

బుధవారం కరెంటు ఆఫీసులో జనార్ధన్ జీవితంలో మొదటిసారి వరసలో నిలబడ్డాడు. వరసలో నిలబడటానికీ ఒక నేర్పు కావాలని అతనికి తెలియదు. సందు వదిలితే ఎవరో దూరుతున్నారు. రెండుసార్లు అలా వెనక్కి పడ్డాక, సాలమ్మ అతని మోచెయ్యి పట్టుకుని ముందుకు తోసి, ముందున్నవాని వీపుకు ఆనుకుని నిలబడమని చెప్పింది. బిందు ఆధార్ కార్డు జిరాక్సులకు ఉరికి వచ్చింది. గంటన్నరకు వాళ్ల వంతు వచ్చింది.

అక్కడి ఇంజనీరు, అంటే ఏ.ఈ., పేరు లలితకుమారి. ముప్పై ఏళ్లుండవు, ఆ సీటులోకి వచ్చి ఏడాది. ఎవరో పెద్దమనిషి ముసలామెకు తోడొచ్చాడనుకుంది. కాగితం చూసి, ఫోటోలు చూసి, పద్ధతి చెప్పింది. స్తంభం జరపాలంటే కొత్తగా దరఖాస్తు, అంచనా, డబ్బు కట్టడం, కాంట్రాక్టరు, ఎంత తొందరపడ్డా రెండు నెలలు. బిందు ముఖం వాడిపోయింది. మిషను ఫోటో ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. వానలో తడవకుండా అది రెండు రోజులు ఉంటే గొప్ప అని మాత్రం అంది.

లలితకుమారి ఆ ఫోటోను కాసేపు చూసింది. తర్వాత అటెండరును పిలిచి పాత రిజిస్టర్లు తెప్పించింది. మంజూరైన నక్షాలో స్తంభం ఒక చోట ఉండి, పాతింది ఇంకో చోటైతే అది తమ శాఖ తప్పు అని, సరిదిద్దడానికి అంచనాలూ డబ్బూ అక్కర్లేదని, తన అధికారం చాలునని చెప్పింది. దుమ్ము దులిపి, పేజీలు తిప్పి, ఎల్లగూడ నక్షా దగ్గర వేలు ఆపింది. స్తంభం గుర్తు గల్లీ మూలమీదే ఉంది. బిందు లేచి నిలబడింది. కానీ లలితకుమారి వేలు నక్షా కింద ఎర్ర సిరాతో రాసిన ఒక వాక్యం దగ్గరికి జరిగి, అక్కడే ఆగిపోయింది.

"గౌరవ శాసనసభ్యుల మౌఖిక ఆదేశం మేరకు స్థానం మార్చడమైనది," అని చదివింది. "ఇది ఉంటే మా తప్పు అని రాయలేనమ్మా. పైవాళ్లు ప్రజల అవసరం కోసం మార్చి ఉంటరు, నువ్వెట్ల తీస్తవు అంటరు. అట్ల కాదని ఆయనే రాసివ్వాలె. ఆయన ఎవరో, ఎక్కడున్నరో. ఉన్నా, తన తప్పని ఎవరు రాసిస్తరు?"

గదిలో ఫ్యాను టకటకమంటూ తిరుగుతోంది. సాలమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది.

జనార్ధన్ ఒక తెల్ల కాగితం అడిగాడు. బిందు దగ్గర పెన్ను తీసుకున్నాడు. పదేళ్లలో ఎన్ని వేల కాగితాల మీద రాశాడో లెక్క లేదు, అన్నిటి మీదా అవే మూడు మాటలు. ఇప్పుడు మొదటి వాక్యం ఎలా మొదలుపెట్టాలో తెలియక పెన్ను మూతను పళ్లతో నొక్కాడు. చివరికి బడిపిల్లవాడిలా ఒక్కో అక్షరం పెద్దగా రాశాడు. ఆ స్తంభాన్ని జరపమన్నది తనేనని, ప్రజల అవసరం కోసం కాదని, తనకు తెలిసిన మనిషి ప్లాటు కోసమని, అక్కడ ఒక ఇల్లు ఉందా అని కూడా అడగలేదని. సంతకం పెట్టి, కింద తేదీ వేసి, బల్ల మీదికి జరిపాడు.

లలితకుమారి రెండుసార్లు చదివి లేచి నిలబడింది. బిందు అప్పటికే అతని భుజం మీంచి చదివేసింది. ఆ పిల్ల ముఖం ఒక్కసారిగా ఎర్రబడింది. అవ్వ వైపు చూసి, అతని చేతిలోంచి పెన్ను తీసుకుని మూత పెట్టింది.

"కూర్చోండి సార్," అంది లలితకుమారి.

"నిలవడి నిలవడి అలవాటైతాంది, ఉండనియ్యమ్మా. శనివారంలోపట అయితదా?"

ఆమె కాగితాన్ని రిజిస్టరులో ఆ పేజీకే గుండుసూదితో గుచ్చి, అయితది అంది.

కారులో తిరిగి బయల్దేరారు. చెప్పేద్దామని జనార్ధన్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. సాలమ్మ తల వెనక్కి వాల్చి నిద్రపోతోంది, లేదా నిద్రపోతున్నట్టుంది. వెనక సీటులో బిందు కిటికీలోంచి తూంకుంట లేఅవుట్ల బోర్డులు చూస్తూ కూర్చుంది.

గురువారం మధ్యాహ్నం జనార్ధన్ అన్నానికి కూర్చోగానే రాఘవేందర్ ఫోను వచ్చింది. లైనుమన్ వచ్చి బిల్డింగు మూలకు సున్నంతో గుర్తు పెట్టి పోయాడట. సరిగ్గా షాపుల బోర్డు కింద. ఎవరు చేశారో కనుక్కుంటే అన్న పేరే చెప్పారని, నమ్మలేకపోయానని రాఘవేందర్ అన్నాడు. మొదట బాధపడ్డాడు, తర్వాత బతిమాలాడు, అదీ పనిచేయకపోయేసరికి కార్డుల సంగతి ఎత్తాడు.

"నీ పేరు అందరికంటె ముంగట ఏయించిన గదనే. ఒక్క మాట జెప్పి ఆపియ్యి. నాడు జరిపిచ్చింది గూడ నువ్వే గద?"

"నాడు జరిపిస్తినని నిన్న రాసిచ్చిన రాఘవేందర్," అన్నాడు జనార్ధన్. "గా కార్డులు మల్ల కొట్టిచ్చుకో."

 అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది. జనార్ధన్ చేతిలో ముద్ద అలాగే ఉంది. దిగులు వస్తుందేమోనని చూసుకున్నాడు. రాలేదు. ఆకలి మాత్రం వేసింది. ఆ ఫంక్షనుకని జయమ్మ బీరువాలోంచి తీసి గాలికి ఆరేసిన పట్టుచీర కిటికీ పక్క వేలాడుతోంది. దాని వైపు చూడలేక తల దించుకుంటే, జయమ్మే వచ్చి పప్పు వడ్డించింది. అలాంటి ఫంక్షన్ల కూరల్లో నూనె తేలుతుందని, ఆ మర్నాడు పొద్దున ఆయన కడుపు సంగతి తనే చూడాల్సి వస్తుందని, పోకపోవడమే మంచిదని చెప్పింది. చీర మడత పెట్టి లోపల పెట్టలేదు. సాలమ్మ ఇంటికి కట్టుకుని వస్తానంది.

శుక్రవారం సాయంత్రం వాన పడింది. జనార్ధన్‌కు ఇంట్లో కాలు నిలవలేదు. నాలుగుసార్లు బిందుకు ఫోను చేశాడు. ఐదోసారి ఆమె ఎత్తి, మిషను మీద మూడు తాటిపత్రులు, వాటి మీద పక్కింటివాళ్ల పాత ఫ్లెక్సీ కప్పామని, కింద చెక్కలు కూడా తడవలేదని చెప్పింది. ఆ ఫ్లెక్సీ మీద ఎవరి బొమ్మ ఉందని అతను అడిగాడు. ఎవరిదైతేనేమి, నీళ్లు దిగుతలేవు అంది బిందు.

శనివారం పొద్దున తొమ్మిదికి కొత్త స్తంభం ట్రాక్టరు మీద వచ్చింది. లైనుమన్ బాలేష్, ఇంకో ఐదుగురు. బాలేష్ సబ్‌స్టేషనుకు ఫోను చేసి లైను బందు పెట్టించి, తీగలో కరెంటు లేదని గొలుసు తగిలించి చూసుకుని, అప్పుడు గాని ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. మూలమీద మనిషి నడుము లోతు గుంత తవ్వారు. స్తంభాన్ని తాళ్లతో లేపుతుంటే గల్లీ అంతా ఊపిరి బిగబట్టింది. అది కాస్త అటూ ఇటూ ఊగి, గుంతలో దిగి నిలబడ్డాక ఆడవాళ్లు నవ్వుతూ ఊపిరి వదిలారు. రాఘవేందర్ మనుషులు ఇద్దరు బిల్డింగు మెట్ల మీద నిలబడి ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు గానీ కిందికి దిగలేదు. బాలేష్ పైకెక్కి తీగలు ఒక్కొక్కటిగా పాత స్తంభం నుంచి విప్పి కొత్తదానికి బిగించాడు. తర్వాత పాతదాని మొదట్లో తవ్వి, మూడు కాళ్ల ఇనుప స్టాండు నిలబెట్టి, చైను పుల్లీతో పైకి లాగారు. పదహారేళ్ల మట్టిని విడవలేక అది మొండికేసింది. చివరికి కిర్రుమంటూ లేచింది, పోస్టర్లతో సహా.

ఇంటి ముఖం ఒక్కసారిగా వెడల్పైనట్టుంది. జయమ్మ పట్టుచీర కొంగు నడుముకు దోపుకుని, తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచింది. వాటిలో ఒకటి ఇన్నేళ్లూ పూర్తిగా తెరుచుకోనే లేదు, మడతబందులు కీచుమన్నాయి. బాలేష్ మనుషులు నలుగురు, గల్లీవాళ్లు నలుగురు మిషనుకు గుండ్రటి ఇనుప పైపులు కింద వేసి దొర్లించారు. వెనక పైపును తీసి ముందుకు అందించే పని జనార్ధన్ తీసుకున్నాడు. గడప మీద చెక్క వాలు వేసి, ఒరగకుండా, జానెడు జానెడు లోపలికి ఎక్కించారు. బిందు దాని పక్కనే ఒంగి నడుస్తూ, పసిపిల్లకు చెప్పినట్టు మెల్లగ, మెల్లగ అంటూ పోయింది. మిషను ముందు గదిలో కిటికీ కింద సరిగ్గా కూర్చుంది.

అందరూ లోపలికి తొంగి చూస్తున్నారు. జనార్ధన్ చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ బయట, స్తంభం పీకిన గుంత దగ్గర నిలబడ్డాడు. సాలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి అతని చేతుల మీద పోసింది. ఇగ చెప్పకపోతే ఎప్పుడూ చెప్పలేనని అతనికి అనిపించింది.

"సాలమ్మా, గా స్తంభం గీడ పాతిచ్చింది నేనే."

సాలమ్మ నీళ్లు పోయడం ఆపలేదు. "ఎరికే పటేలా" అంది.

అతను తల ఎత్తి చూశాడు.

"నాడు జరపొద్దని నేను కొట్లాడితే, ఎమ్మెల్యే సాబు జెప్పిండు అని పాతి పోయిండ్రు. నువ్వు బటన్ నొక్కంగ నేను గీ దర్వాజలనే ఉన్న," అంది. "ఎరిక లేకుంటె రెండు ఆటోలు మారి మేడ్చల్ దాంక ఎందుకస్త? ఇప్పటి ఎమ్మెల్యే ఇల్లు నాకు నడిసేటంత దూరమే. పాతినోడే పీకాలె గద."

చెంబులోని చివరి నీళ్లు కూడా అతని వేళ్ల మీద పోసి, జయమ్మ నోట విన్నదేమో, విరిగి అతికిన మణికట్టును ఒకసారి ఇటూ అటూ తిప్పి చూసింది. బాగానే అతికిందని, వంకర రాలేదని అంది.  జనార్ధన్‌కు కడుపులోంచి నవ్వు పొంగుకొచ్చింది. సాలమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏమైందని జయమ్మ గడపలోకి వచ్చి చూసింది. ఇద్దరిలో ఒక్కరూ చెప్పే స్థితిలో లేరు.

బాలేష్ ఫోను చేసి లైను మళ్లీ ఇప్పించాడు. అతని మనుషులు పాత స్తంభాన్ని ట్రాక్టరుకు ఎక్కించుకుంటున్నారు. గుంత పూడ్చిపోతారా అని జయమ్మ అడిగితే, అది తమ పని కాదని, మట్టి అక్కడే ఉంది కదా అని బాలేష్ అన్నాడు. సాలమ్మ పార తెచ్చి గోడకు ఆనించింది. గుంతనూ జనార్ధన్‌నూ మార్చి మార్చి చూసింది. 

జనార్ధన్ చెప్పులు విడిచి గోడవార పెట్టాడు, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు. పార అందుకుని మట్టి లోపలికి లాగాడు. నిన్నటి వానకు తడిసిన ఎర్రమట్టి బరువుగా, చల్లగా ఉంది. సగం నిండాక అందులోకి దిగి కాళ్లతో తొక్కసాగాడు. ఇంకా గట్టిగ తొక్కాలె, మొదటి వానకే దిగబడుతది అని సాలమ్మ గడపలో చతికిలబడి చెబుతోంది. లోపల బిందు స్విచ్చు వేసినట్టుంది, సూదుల చప్పుడు టకటకా మొదలై, ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకుంది. జనార్ధన్ ఇంకో పారెడు మట్టి లాక్కుని తొక్కాడు.